కాయలు పరిచినంత మేర

మా ఊరి నుంచి చిలకలూరిపేట వెళ్లే తారురోడ్డు మీద, మేజరు కాలవ వంతెన దిగగానే ఒక మలుపు ఉంది. వంతెన ఎత్తు కాబట్టి దిగుడులో బండి వేగం పుంజుకుంటుంది. పేట వైపు నుంచి వచ్చే బండి ఆ ఎత్తు ఎక్కడానికి దూరం నుంచే ఊపు తీసుకుంటుంది. మలుపు లోపలి వైపు సుబాబుల్ తోట అడ్డం. ఎదురొచ్చేది దగ్గరికి వచ్చేదాకా కనపడదు. రోడ్డు ఒక బస్సుకు సరిపోతుంది, రెండు బండ్లు ఎదురైతే ఏదో ఒకటి మార్జిన్‌లోకి దిగాలి. మార్జిన్ నల్లరేగడి. ఎండాకాలంలో రాయిలా ఉంటుంది, వాన పడిందంటే చక్రాన్ని పట్టుకుని వదలదు. ఎత్తు, మలుపు, ఇరుకు, రేగడి. ఈ నాలుగూ కలిసిన చోటే మా అక్క కూతురు రోజూ స్కూలు బస్సు ఎక్కేది, దిగేది.

అప్పటికి అది మూడో తరగతి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. ప్రతి ఊరి నుంచీ పిల్లల్ని పేటలోని కాన్వెంట్లకు పంపడం మొదలైన రోజులు. అక్కా బావల ఇల్లు ఊరికి ఎడంగా, కాలవ ఇవతల పొలాల్లో ఉండేది. బావ మిరప, పత్తి వేసేవాడు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, హైవే మీద ఒక స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ విభాగంలో చేరాను. ఉండడం అక్కవాళ్ల ఇంట్లోనే. నా డ్యూటీ టైమూ దాని బస్సు టైమూ దాదాపు ఒకటే. దాన్ని మలుపు దాకా నడిపించుకొచ్చి, బస్సెక్కించి, అటునుంచి మోపెడ్ మీద మిల్లుకు పోయేవాణ్ణి.

నువ్వే మోపెడ్ మీద దింపొచ్చు కదా అనేవాళ్లకు నా దగ్గర జవాబు ఉండేది. మా రోడ్డు హైవేలో కలిసే చోటు నుంచి స్కూలు దాకా అన్నీ పత్తి లారీలే. జిన్నింగు మిల్లులకు వెళ్లే ఆ లారీలకు పత్తి కుక్కిన బోరేలు రెండు పక్కలా పొట్టల్లా పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి పక్కన, వెనక సీటు మీద ఎనిమిదేళ్ల పిల్లను కూర్చోబెట్టుకుని వెళ్లడం కంటే ఇనుప బాడీ ఉన్న బస్సు నయం. లెక్క ప్రకారం బస్సే నయం. నడిపే మనిషి దగ్గరే ఆ లెక్క తప్పేది.

డ్రైవరుకు నా వయసే ఉంటుందేమో. పక్క ఊరి రైతుల పిల్లాడు. అంతకుముందు పత్తి లారీ మీద క్లీనరుగా తిరిగాడు. పిల్లలకు అతనంటే ప్రాణం. టేపురికార్డరులో కొత్త సినిమా పాటలు పెడతాడు, వాళ్లతో పాటు పాడతాడు, ఎవరి పుట్టినరోజయినా హారన్ పాట రూపంలో కొడతాడు. బస్సును మాత్రం ఎక్కడా పూర్తిగా ఆపడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి క్లచ్చి తొక్కి వదులుతాడు, బస్సు పాకుతూ ఉంటుంది, పిల్లలు పరిగెత్తి ఎక్కాలి. దిగేటప్పుడూ అంతే. అందుకే దిగాల్సిన పిల్లలు ముందుగానే సీట్లలోంచి లేచి తలుపు దగ్గర కమ్మీలు పట్టుకుని నిలబడేవాళ్లు.

ఆ తొందరకు కారణం అదే రోడ్డు మీద నడిచే ఇంకో కాన్వెంటు బస్సు. రెండూ ఒకే ఊళ్లు తిరిగి, ఒకే వేళకు పేటకు చేరాలి. ఏది ముందు పోతే దానికి గొప్ప. సాయంత్రం ఇంటికి రాగానే మా పిల్ల చెప్పే మొదటి మాట ఒకటే.

"మామయ్యా, ఇయ్యాల మా బస్సే ఫస్టు!"

లేదంటే మూతి ముడుచుకుని, "వాళ్లే ముందు పోయారు. గేదెలు అడ్డం వచ్చాయి" అనేది.

ఒకరోజు మోపెడ్ మొరాయించి నేనూ ఆ బస్సెక్కాను. మిల్లులో నా పని, ప్రతి మిషనుకూ ఏది సరిగా ఉంది, ఏది లేదు అని వరసగా చూసుకుంటూ పోవడం. ఆ అలవాటు బస్సులోనూ వదల్లేదు. ముందు టైర్లలో ఒకటి గుండయింది. బ్రేకు పెడల్ ఒక్క తొక్కుకు పట్టడం లేదు, రెండుసార్లు కొట్టాల్సి వస్తోంది. స్పీడో మీటరు ముల్లు సున్నా మీదే పడుకుని ఉంది. ఇద్దరు కూర్చునే సీట్లో నలుగురున్నారు. సంచులన్నీ ఇంజను బానెట్ మీద గుట్టగా పోసి ఉన్నాయి, గేరు మార్చినప్పుడల్లా ఒకటి జారి డ్రైవరు కాళ్ల దగ్గర పడుతోంది. వెనక అత్యవసర ద్వారం మీద ఎర్ర రంగుతో అక్షరాలు రాసి ఉన్నాయి, దాని గడియను ఇనుప వైరుతో నాలుగైదు చుట్లు చుట్టి బిగించారు. అన్నిటిలో సరిగ్గా పనిచేస్తున్నది ఒక్క హారనే.

హైవే ఎక్కే ముందు ఆ రెండో బస్సు కనపడింది. మా బస్సులో పిల్లలంతా లేచి నిలబడ్డారు.

"కొట్టన్నా, కొట్టు! వాళ్లని దాటెయ్యి!"

డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వాడు. రోడ్డు వైపు కాకుండా పిల్లల వైపు తిరిగి నవ్వాడు. "ఏరా, దాటేద్దామా?"

"దాటేద్దాం!"

దాటేశాడు. ఎదురుగా వస్తున్న ట్రాక్టరు మార్జిన్‌లోకి దిగిపోయి దారి ఇచ్చింది. ట్రాక్టరు మనిషి లేచి నిలబడి ఏదో తిట్టాడు. అది పాటలో కలిసిపోయింది. మా పిల్ల నా చెయ్యి గిల్లి, "చూశావా మామయ్యా" అంది. దాని మొహం వెలిగిపోతోంది.

దిగేటప్పుడు డ్రైవరుతో నెమ్మదిగానే అన్నాను. "తమ్ముడూ, బ్రేకు పెడల్ సరిగా లేదు. వేగం రెట్టింపయితే బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. రెండింతలు కాదు."

"అన్నా, నువ్వు మిల్లులో చేస్తావంటగా," అన్నాడు అతను, గౌరవంగానే. "నేను పత్తి లారీ మీద గుంటూరు దాకా పోయొచ్చినోణ్ణి. చేతుల్లో ఉంటది బండి. నాలుగింతలూ ఎనిమిదింతలూ మనకెందుకన్నా?"

బస్సు ఎక్కడానికి వచ్చే పిల్లల తండ్రులతో మాట్లాడాను. అందులో ఒకాయన పొగాకు కాల్చే బ్యారను ఉన్న మనిషి, అందరూ ఆయన మాట వింటారు. ఆయన పకపకా నవ్వాడు.

"డ్రైవరంటే అట్టా ఉండాలబ్బా. ఆర్టీసీ వాళ్లు నడిపినట్టు నడిపితే పిల్లకాయలు మధ్యాన్నం అన్నానికి చేరతారు బడికి."

మిగతావాళ్లూ నవ్వారు. ఇంటికొచ్చి బావతో చెబితే అతనిదీ అదే ధోరణి.

"ఏం బామ్మర్దీ, మీ మిల్లులో దూది పోగు తెగితే మిషను దానంతటదే ఆగి ఎర్రలైటు వెలుగుద్దని చెప్తావుగా. ఇక్కడ ఏ పోగు తెగిందని ఆపమంటావు?"

అది నిజమే. మా మిల్లులో దూదిని పోగులుగా లాగే డ్రా ఫ్రేములో ఒక్క దూది పోగు తెగితే మిషను ఆగిపోతుంది, పైన ఎర్రదీపం వెలుగుతుంది, మనిషి వచ్చి అతికేదాకా కదలదు. తిరిగే ప్రతి బెల్టు మీదా మూత ఉంటుంది. మూత తీసి మిషను నడిపితే ఆ రోజు జీతం కోస్తారు. దూది కోసం ఇన్ని ఏర్పాట్లు చేసుకున్న మనుషులే సాయంత్రం ఇంటికెళ్లి, మా బస్సే ముందొచ్చింది అని పిల్లలు చెబితే సంతోషించేవాళ్లు.

ఒక సెలవు రోజు స్కూలుకు వెళ్లాను. కరస్పాండెంటు గారు మర్యాదగా కూర్చోబెట్టి టీ తెప్పించారు. నేను చెప్పినవన్నీ విన్నారు.

"బాబూ, మీరు చదువుకున్నవాళ్లు, మీకు తెలియందేముంది," అన్నారు. "ఉన్నది ఒక్క బస్సు. మీ వైపు పిల్లల్ని దింపి, మళ్లీ పడమటి ఊళ్లకు పోయి రెండో ట్రిప్పు తేవాలి. ప్రేయరు బెల్లు లోపు రెండూ అవ్వాలి. పైగా మీ ఊరివాళ్లే వచ్చి అడిగారు, వాళ్ల బస్సు ముందొస్తోంది, మనదెందుకు రావట్లేదని."

"వెనక తలుపుకు వైరు చుట్టారండీ."

"అది పిల్లల సేఫ్టీ కోసమే కదా! వైరు తీస్తే వెధవలు తెరుచుకుని దూకుతారు."

ఆయన ఆ మాట మనస్ఫూర్తిగా అన్నారు.  టీ తాగి వచ్చేశాను.

మలుపు దగ్గర స్పీడు బ్రేకరు వేయమని అడగడానికి రోడ్ల ఆఫీసుకూ వెళ్లాను. కిటికీ దగ్గర కూర్చున్నాయన అడిగాడు.

"ఇంతకుముందు అక్కడ యాక్సిడెంటేమన్నా జరిగిందా?"

"లేదండీ."

"మరి?"

అంతే. జరిగాక రండి అని ఆయన అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

జనవరి నెలాఖరుకు మిరప కోతలు మొదలయ్యాయి. కోసిన పండుకాయను మా దగ్గర కళ్లాల్లో ఆరబోస్తారు. రేగడి నేల మీద మంచుకు చెమ్మ దిగి కాయ మచ్చపడుతుందని, తారురోడ్డు దగ్గరున్న వాళ్లు రోడ్డు మీదే పోస్తారు. రోడ్డులో సగం మేర ఎర్రగా కాయలు, వాటి అంచున బండ్లు ఎక్కకుండా వరసగా రాళ్లు. మిగిలిన సగంలో వచ్చేపోయే బండ్లు.

ఆ రోజుల్లో ఒక ఉదయం మోపెడ్ మీద బస్సు వెనకే వెళ్తూ గమనించాను. దారిలో పక్క ఊరి చివర కాయలు పోసి ఉన్న చోట బస్సు రెండో గేరులోకి వచ్చింది. బ్రేకు లైట్లు వెలిగాయి. ముసలివాడు వాగు దాటుతున్నట్టు, ఒక్కో రాయినీ చూసుకుంటూ నడిచింది. రాళ్లు అయిపోగానే మళ్లీ మామూలే. నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత బావను అడిగితే చెప్పాడు. కిందటేడు ఒక పెళ్లి లారీ ఎవరి కాయల మీదికో ఎక్కితే, ఊరంతా కర్రలతో వచ్చి లారీని సాయంత్రం దాకా కదలనివ్వలేదట. పెళ్లికొడుకు ఎండలో రోడ్డు మీద కూర్చున్నాడట.

"కాయల మీదికి చక్రం ఎక్కిందంటే ఈ రోడ్డులో బండి ఇంటికి పోదు బామ్మర్దీ. డ్రైవర్లందరికీ తెలుసు."

పిల్లల కోసం వేయని బ్రేకు కాయల కోసం వేస్తున్నాడన్నమాట. బాధపడాల్సిన సంగతే. నాకు మాత్రం ఆ నిమిషాన సంతోషమే కలిగింది. ఆ బస్సును ఆపగలిగేది ఒకటి ఈ రోడ్డు మీద ఉందని తెలిసింది.

"బావా, మన కాయలు కళ్లంలో ఎందుకు? వంతెన దిగువన మలుపులో పోద్దాం. అక్కడ తారు బాగా కాగుద్ది, తొందరగా ఎండుతాయి," అన్నాను.

అబద్ధమేమీ కాదు. తోట నీడ పొద్దున్నే తప్పుకుంటుంది, ఎండ సాయంత్రం దాకా ఉంటుంది. బావ ఒకసారి వెళ్లి చూసి ఒప్పుకున్నాడు. నేనే రాళ్లు పేర్చాను. వంతెన మొదలు నుంచి మలుపు అవతలి దాకా, పిల్లలు నిలబడే చోటు మధ్యలో వచ్చేలా.

మర్నాటి నుంచి రెండు బస్సులూ అక్కడ నడకే. తారు మీద కాయలు, మిగిలిన సగంలో ఒక్క బండికే దారి, ఒకటి పోతేగానీ ఇంకోటి రాకూడదు. మా పిల్ల నిలబడి ఉన్న బస్సెక్కింది. నిలబడి ఉన్న బస్సు దిగింది. ఇది వినడానికి చిన్న విషయం. అక్క ఇంట్లో నేను గడిపిన ఆ రెండేళ్లలో నాకు నిశ్చింతగా ఉన్న రోజులంటే ఆ కాయలు ఎండిన రోజులే. మిల్లులో పని చేస్తూ సాయంత్రం గడియారం చూడడం మానేశాను.

పిల్లకే నచ్చలేదు.

"మామయ్యా, మీ కాయల వల్ల బస్సులు రెండూ ముసలోళ్ల మాదిరి పోతన్నాయి. ఫస్టూ లేదు, సెకండూ లేదు."

"ఎన్నాళ్లే, కాయలు ఎండేదాకానేగా," అని అక్క దాన్ని ఊరడించింది.

మార్చి చివరకు ఎండడం అయిపోయింది. కూలీలు కూర్చుని తాలు ఏరారు. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. అది కలిస్తే మిర్చి యార్డులో ధర పడిపోతుంది. ఎర్రకాయ గోనె టిక్కీల్లోకి తొక్కి కుట్టి, ట్రాక్టరు మీద గుంటూరు యార్డుకు పంపించారు. రోడ్డు ఖాళీ అయింది. రాళ్లు మాత్రం మార్జిన్‌లో ఉండిపోయాయి. ఆ సాయంత్రమే బస్సు వంతెన మీదికి ఎగిరినట్టు ఎక్కడం చూశాను.

పరీక్షలకు ఇంకా కొన్ని వారాలున్నాయి. కళ్లంలో ఓ మూల తాలు గుట్ట ఉంది.

"అక్కా, ఆ తాలు నాకియ్యి."

"ఏం చేసుకుంటావురా? పచ్చడా?" అని నవ్వింది అక్క. సంగతి చెప్పాను. నవ్వడం ఆపింది. పిల్ల తల్లి కదా, ఆమెకు లోపల భయం ఉండేదని నాకు అప్పుడే తెలిసింది. "బావకి చెప్పమాక. పొద్దున్నే పోసి, నువ్వు డ్యూటీకి పోయేప్పుడు పట్టా కప్పిపో. సాయంత్రం బస్సు వేళకి పట్టా నేను తీస్తా."

పల్చగా పరిచి, పైపైన కళ్లంలో మిగిలిన ఎర్రకాయలు నాలుగు గంపలు చల్లాం. రాళ్లు మళ్లీ పేర్చాం. మొదటి రోజు బస్సు నెమ్మదించింది. రెండో రోజూ నెమ్మదించింది. డ్రైవరు తల బయటపెట్టి కిందికి చూడడం కనపడింది. మూడో రోజు వంతెన మీది నుంచి వచ్చిన వేగం వచ్చినట్టే ఉంది, రాళ్లు దాటి కాయల మీదికి ఎక్కించాడు. తాలు పటపటమని పేలింది. గింజలూ పొట్టూ గాల్లోకి లేచాయి. బస్సులో పిల్లలు ఒకటే దగ్గు, తుమ్ములు, దాని మధ్యలో నవ్వులు. కాయల భయం లేకుండా మొదటిసారి ఆ మలుపులో అతను బస్సును పూర్తిగా ఆపాడు, నాతో మాట్లాడడానికి.

"అన్నా, మాదీ మిరప చేనే. ఎండిన తాలుని మళ్లీ ఎండబోసేవాడు ఉంటాడా అన్నా ఎక్కడన్నా? తాలుకాయలకి బ్రేకెవడేస్తాడు?"

బస్సంతా ఘొల్లుమంది. మా పిల్ల ఎక్కుతూ ఎక్కుతూ తల దించుకుంది. ఆ రోజు నుంచి ఊళ్లో నాకు కొత్త పేరు వచ్చింది, తాలు ఇంజినీరని. పొగాకు బ్యారనాయన కనపడినప్పుడల్లా, "ఏం ఇంజినీరూ, రోడ్డు మీద ఇంకేం పోస్తన్నావు?" అనేవాడు. బావకూ తెలిసి కోప్పడ్డాడు, తర్వాత అతనూ నవ్వాడు. నేనూ నవ్వానేమో, గుర్తులేదు. ఆ పేరు నాకు పెద్ద బాధ కాలేదు. నా దగ్గర ఇంక వేరే ఉపాయం లేకపోవడమే బాధ.

వేసవి సెలవులు అయ్యాయి. బళ్లు తెరిచారు. జులైలో మంచి వానలు పడ్డాయి, పత్తి మొలకెత్తి చేలలో కలుపు తీస్తున్నారు. ఒక సాయంత్రం మిల్లు గేటు దగ్గరి ఫోను నాకని పిలిచారు. అక్కవాళ్ల పక్క పొలం ఆయన గొంతు. "బస్సు పడిపోయింది, మలుపు దగ్గర. నువ్వు ఇటు రామాక, ఆసుపత్రికి పో," అన్నాడు.

జరిగింది తర్వాత కలుపు తీస్తున్న ఆడవాళ్లు చెప్పారు. రెండు బస్సులూ పేట నుంచి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మలుపుకు ముందు మనది దాటేసింది. వంతెన ఎక్కే ఊపులోనే ఉంది. అటు నుంచి ఎరువు బస్తాల ట్రాక్టరు దిగింది. బస్సు ఎడమ చక్రాలు మార్జిన్‌లోకి దిగాయి. నానిన రేగడి. ఒక క్షణం అట్లా ఒరిగి ఆగినట్టే ఆగి, తలుపు వైపుకు రోడ్డు పక్క బోదిలోకి పడిపోయింది. దిగాల్సిన పిల్లలు అప్పటికే తలుపు దగ్గర కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. అందులో మా పిల్ల ఒకతి.

ఆడవాళ్లు పరిగెత్తారు. తలుపు కింద పడింది. వెనక ద్వారం వైరు కొడవలికి తెగలేదు. కాయల అంచుకు నేను పేర్చిన రాళ్లు అక్కడే పడి ఉన్నాయి. ఆ రాళ్లతో ముందు అద్దం పగలగొట్టి ఒక్కొక్కరినీ లాగారు.

పేట ఆసుపత్రిలో కారిడారంతా యూనిఫారాలు, బురద. దాన్ని చివరి మంచం మీద పడుకోబెట్టారు. కుడి మోచేయి తలుపు కమ్మీకీ నేలకూ మధ్య నలిగింది. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఏడవడం లేదు. నన్ను చూసి పిల్ల పెదాలు కదిపింది. వంగి చెవి దగ్గర పెట్టాను.

"మామయ్యా, మేమే ముందున్నాం."

ఆ రాత్రే గుంటూరు తీసుకెళ్లారు. తర్వాత నెలల తరబడి కట్లు, ఆపరేషన్లు, మళ్లీ కట్లు. చివరికి డాక్టరు గారు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపిస్తూ, చెయ్యి ఉంటుంది గానీ మోచెయ్యి ముడవదు, వేళ్లకు పట్టు రాదు అన్నారు. ఎముక అతికిన తీరు చూస్తే నాకూ అర్థమైంది. మిషను అయితే ఆ కీలు తీసి వేరేది వేస్తాం. 

ఎవరూ చనిపోలేదు. మిగతా పిల్లలకు గీతలు, దెబ్బలు, ఒకరిద్దరికి కుట్లు. దేవుడు కాపాడాడు అని అందరూ అన్నారు. వినగా వినగా ఆ మాటకే నాకు అన్నిటికంటే భయం వేసింది, ఎందుకంటే దాని తర్వాత మాట్లాడడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. డ్రైవరు ఆ సాయంత్రమే పొలాలకు అడ్డంపడి పారిపోయాడు. కొన్నాళ్లకు మళ్లీ పత్తి లారీ మీద కనపడ్డాడని చెప్పారు. కరస్పాండెంటు గారు బత్తాయిలు పట్టుకుని వచ్చి, పిల్ల తల నిమిరి, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ నీళ్లు నిజమైనవే.

నేను మళ్లీ రోడ్ల ఆఫీసుకు వెళ్లాను.

"యాక్సిడెంటు జరిగిందండీ ఇప్పుడు."

"డెత్తుందా?" అన్నాడు ఆయన.

బస్సు బాగుచేయించి, రంగు వేయించి, కొబ్బరికాయ కొట్టి, ముందు నిమ్మకాయలు కట్టి దసరా తర్వాత మళ్లీ తిప్పారు. కొత్త డ్రైవరు పెద్దవయసు మనిషి. మొదటి వారం నెమ్మదిగా నడిపాడు. రెండో బస్సు పిల్లలు కిటికీల్లోంచి వెక్కిరిస్తూ దాటిపోయారు. ప్రేయరు అయ్యాక చేరుతున్నారని, పిల్లల్ని ఎండలో నిలబెడుతున్నారని తండ్రులు వెళ్లి స్కూల్లో గొడవ చేశారు. పొగాకు బ్యారనాయన కొడుకు కూడా ఆ రోజు బస్సులో ఉన్నవాడే, నుదుటి మీద కుట్ల గుర్తు ఇంకా ఎర్రగా ఉంది. ఆయనా వెళ్లాడు. ఆ తర్వాత పెద్దవయసు మనిషి కూడా వేగం నేర్చుకున్నాడు. ఒకరోజు బస్సు పేట సెంటర్లో ఆగి ఉంటే వెనకకు వెళ్లి చూశాను. ద్వారం మీద అక్షరాలు కొత్తగా రాశారు. గడియకు కొత్త వైరు, ఈసారి మందంది, మెలికలు ప్లయరుతో బిగించి ఉన్నాయి.

 ఎవరికి చెప్పాలో తెలిసిన రోజులు అయిపోయాయి. మిల్లులో నా పని నేను చేసుకుంటున్నాను, ఏ మూత బిగిసింది, ఏ బోల్టు వదులయింది, వరసగా. అక్కకు అన్నం సయించడం లేదు. బావ నన్ను బామ్మర్దీ అని పిలవడం మానేశాడు, పేరు పెట్టి పిలుస్తున్నాడు.

మళ్లీ కాయల కాలం వచ్చింది. నేను అడగకుండానే బావ మలుపులో పోశాడు. నిరుటి రాళ్లలో కొన్నిటికి అద్దం పెంకులు గీసిన గాట్లున్నాయి. వాటినే మళ్లీ పేర్చాం.

ఆ ఏడు పిల్లకు బడి లేకుండా పోయింది. వచ్చే జూన్‌లో ఊళ్లో సర్కారు బళ్లో వేస్తాం అంటుంది అక్క. ఎడమ చేత్తో అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది గానీ ఐదారు వరసలకే విసుక్కుని పలక పక్కన పెడుతుంది. ఉదయం పూట రోడ్డు పక్కన గొడుగు నీడలో కూర్చుని కాయల్లో తాలు ఏరుతుంది. ఎడమ చెయ్యి బాగా అలవాటైంది. కుడి చెయ్యి ఒళ్లో అట్లా ముడవకుండా ఉంటుంది.

ఒక ఉదయం నేను డ్యూటీకి బయలుదేరుతుండగా బస్సు వచ్చింది. వంతెన మీదే బ్రేకు పడింది. రెండో గేరు. ఒక్కో రాయినీ చూసుకుంటూ, చక్రం ఒక్క కాయకు తగలకుండా, దాని ముందు నుంచే నడిచింది. కిటికీల్లోంచి దాని తరగతి పిల్లలు చేతులు ఊపారు. ఒక పిల్ల, "ఏమే, ఘాటుకి తుమ్ములు రావటంలా?" అని అరిచింది. ఇది తల ఎత్తలేదు. ఒక తెల్లకాయ తీసి పక్కకు వేసింది, ఇంకోటి తీసింది.

బస్సు చివరి రాయి దాటింది. మూడో గేరు పడింది, వెంటనే నాలుగోది. తోట అవతల ఎక్కడో హారన్ మోగింది, దానికి జవాబుగా వంతెన వెనక నుంచి ఇంకో హారన్.

"వాళ్ల బస్సు వెనకుంది మామయ్యా," అంది, కాయల మీది నుంచి చూపు తిప్పకుండా. "ఇప్పుడు దాటుతారు."